మడ అడివికి వచ్చే డబ్బు, మన పేటకి వచ్చే కూలి

(గోదావరి సముద్రంలో కలిసే చోట ఉన్న ఒక దళితపేటలో జరిగిన రాత్రి సభలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగం. మాట్లాడిన మాట మాట్లాడినట్టే అచ్చు వేస్తున్నాం. – సం.)



ఇందాక మైకు నా చేతికిస్తూ పెద్దాయన ఒకరు చెవిలో చెప్పారు. "మాస్టారూ, అంబేడ్కర్ గారి గురించి తర్వాత చెబుదురుగాని, ముందు ఆ కాయితం సంగతి చెప్పండి" అన్నారు. ఆయన అన్నదే సరైంది. ఆ కాయితం కోసమే ఇంత చలిలో ఇక్కడ కూచున్నాం.

కాయితం తొమ్మిది పేజీలు. అంతా ఇంగ్లీషు. వేలిముద్ర వేసే గడి పక్కన మాత్రం "సంతకం లేదా వేలిముద్ర" అని చక్కగా తెలుగులో రాశారు. మనకి తెలియాల్సిందల్లా ఇంగ్లీషులో ఉంది, మనం ఇవ్వాల్సింది తెలుగులో ఉంది. నేను రెండు రాత్రులు కూచుని చదివాను. డిగ్రీ చదివానన్న మాటేగాని కొన్ని ముక్కలకి నిఘంటువు తియ్యాల్సి వచ్చింది. తేలిన సారాంశం ఇది. మన పేట వెనక పాయ పక్కన ఉన్న బురద మేటలో మడ మొక్కలు పెంచుతారు. మూడేళ్ల పథకం. ఊళ్లో ఒక సమితి వేస్తారు. డబ్బు బయటి నుంచి గ్రాంటుగా వస్తుంది, అంటే తిరిగి కట్టక్కర్లేదు. మొక్క నిలదొక్కుకునే దాకా ఆ మేటలోకి పశువు గాని మనిషి గాని దిగకూడదు. చివరి మాట ఏడో పేజీలో, చిన్న అక్షరాల్లో ఉంది.

అక్కలారా, ఆ మేటలో దిగేది ఎవరు? పాటు తీసినప్పుడు మోకాలి లోతు బురదలో దిగి కన్నాల్లోంచి మండ పీతలు లాగేది మీరు. గుల్లలు ఏరేది మీరు. పడవలున్నవాళ్లకి పాయ ఉంది, సముద్రం ఉంది. చెరువులున్నవాళ్లకి చెరువులున్నాయి. పడవా చెరువూ లేనివాళ్లకి ఉన్నది ఆ బురద ఒక్కటే. దాన్ని మూడేళ్లు మూస్తామని ఏడో పేజీ చెప్తోంది. మూసినన్నాళ్లూ ఏం తినాలో మాత్రం తొమ్మిది పేజీల్లో ఎక్కడా లేదు.

అలాగని ఈ పథకాన్ని తగలెయ్యండి అని చెప్పడానికి నేను రాలేదు. ముందే చెప్తున్నా, రేపు ఎవరో వెళ్లి మాస్టారు అడివికి అడ్డం పడుతున్నాడని చెప్పకుండా. మడ అడివి మనకి కావాలి. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు వేలమంది పోయారు. 1996 నవంబరు 6న కాకినాడ దగ్గర తుపాను తీరం దాటినప్పుడు ఏమైందో ఇక్కడున్న నలభై దాటిన వాళ్లందరికీ గుర్తే. మడ ఉన్నచోట గాలి, అల జోరు తగ్గుతాయి. మడ వేళ్ల మధ్యే రొయ్యపిల్ల, చేపపిల్ల పెరుగుతాయి. ఇది మనకి పుస్తకం చెప్పక్కర్లేదు. మడ పోతే మొదట పోయేది పల్లపు నేలలో ఉన్న పేటే. ఊరు మెరక మీద ఉంది, పేట పల్లంలో ఉంది. ఎందుకలా ఉందో మీకు తెలుసు.

కాబట్టి గొడవ మడ కావాలా వద్దా అన్నది కాదు. మడ పేరుతో వచ్చే డబ్బు ఎవరి చేతిలో పడుతుంది, ఎవరి పొట్ట మీద పెంచుతారు అన్నదే.

ముందు ఒక అబద్ధం సంగతి చూద్దాం. ఇలాంటి ప్రతి కాయితంలోనూ మొదటి పేజీలో ఒక వాక్యం ఉంటుంది: స్థానిక ప్రజలు వంటచెరకు కోసం, పశువుల మేత కోసం వాడటం వల్ల అడివి క్షీణించింది. మన కాయితంలోనూ ఉంది. మా అమ్మ ఎండిన మడ పుల్లలు మోపుకట్టి నెత్తిన మోసి అమ్మి నాకు పలకా బలపం కొన్నది. ఆ లెక్కన నా చదువే అడివిని క్షీణింపజేసింది అన్నమాట!

నిజం ఇంకోలా ఉంది. తమిళనాడులో పిచ్చావరం మడ అడివి ఎందుకు పాడైందో స్వామినాథన్ పరిశోధనా సంస్థ వాళ్లు తవ్వి చూశారు. బ్రిటిషు వాళ్ల కాలం నుంచి అడివిని వంతులు వంతులుగా పంచి, ఒక్కో వంతునీ మొత్తంగా నరికించి అమ్మింది సర్కారే. చెట్టు పోయాక ఎండకి నేల కుంగింది. పళ్లెంలా గుంటపడింది. పోటుకి వచ్చిన నీళ్లు వెనక్కి పోలేక అక్కడే ఎండి ఉప్పు పేరుకుంది. ఆ ఉప్పులో మొక్క బతకలేదు. కారణం పుల్లలేరుకునే మనిషి కాదని వాళ్లే తేల్చారు. మందు కూడా వాళ్లే కనిపెట్టారు. చేప ముల్లు ఆకారంలో కాలవలు తవ్వారు. మధ్యలో ఒక పెద్ద కాలవ, దానికి రెండు పక్కలా ఏటవాలుగా పిల్ల కాలవలు. పోటుకి నీళ్లు వస్తాయి, పాటుకి పోతాయి, ఉప్పు కడుక్కుపోతుంది. అప్పుడు మొక్క నాటితే నిలబడింది. 1990ల చివర్లో కెనడా దేశపు సాయంతో మన గోదావరి, కృష్ణా మడ అడివుల్లో కూడా ఈ పద్ధతే అమలు చేశారు. గ్రామాల్లో సమితులు వేసి చేశారు. కోరంగి వైపు వెళ్తే ఆ కాలవలు ఇప్పటికీ చూడొచ్చు. పని జరిగింది, అడివి తిరిగి లేచింది. అది మెచ్చుకోవాల్సిందే.

ఆ కాలవలు తవ్వింది ఎవరు? ఉప్పు బురదలో నడుం లోతు నిలబడి పార పట్టింది ఎవరో వేరే చెప్పాలా.

ఇక రొయ్యల చెరువుల సంగతి. 1990ల్లో ఈ తీరం వెంట చెరువులు ఎలా పుట్టుకొచ్చాయో మీరు చూశారు. 1991లో తీరప్రాంత నియంత్రణ నోటిఫికేషన్ వచ్చింది. 1996 డిసెంబరు 11న, తుపాను వచ్చిన నెల దాటగానే, సుప్రీంకోర్టు జగన్నాథన్ కేసులో తీర్పు చెప్పింది. ఆ నియంత్రణ పరిధిలో ఉన్న రొయ్యల చెరువుల్ని తీసెయ్యమంది, సాంప్రదాయ పద్ధతి వాటిని తప్ప. తీసేశారా? 2005లో పార్లమెంటు కొత్త చట్టం చేసి చెరువులకి రిజిస్ట్రేషన్ దారి చూపించింది. 2023లో ఆ చట్టాన్ని సవరించి ఇంకా వెసులుబాటు ఇచ్చారు. చెరువు కోసం చట్టం రెండుసార్లు వంగింది. పీతలు పట్టే ఆడమనిషి కోసం ఒక్కసారైనా వంగిందా? అభయారణ్యంలో పీత పట్టావని బుట్ట లాక్కుంటారు. ఈ సభలోనే ఉన్నారు, బుట్ట పోగొట్టుకున్నవాళ్లు.

సరే, డబ్బు దగ్గరికి వద్దాం. డబ్బు లేక కాదు. 2018లో గ్రీన్ క్లైమేట్ ఫండ్ అనే అంతర్జాతీయ నిధి మన దేశ తీరానికి 4 కోట్ల 34 లక్షల డాలర్ల గ్రాంటు మంజూరు చేసింది. ఆంధ్రప్రదేశ్, ఒడిశా, మహారాష్ట్ర, ఈ మూడు రాష్ట్రాలకి. దానికి మన సర్కార్లు ఇంకో 8 కోట్ల 69 లక్షల డాలర్లు కలుపుతామన్నాయి. డాలర్లండి, రూపాయలు కాదు. 2023లో కేంద్రం 'మిష్టి' అని ఇంకో పథకం పెట్టింది. అయిదేళ్లలో 540 చదరపు కిలోమీటర్లలో మడ పెంచుతామని, దానికి కంపా నిధుల్నీ ఉపాధి హామీ నిధుల్నీ కలుపుతామని అప్పుడు ప్రకటించారు. వీటికి ముందు 2004 సునామీ తర్వాత వచ్చిన పథకాలు వేరే ఉన్నాయి. చిన్న సంఘాలకే నేరుగా ఇచ్చే చిన్న గ్రాంట్లూ ఉన్నాయి. ఐక్యరాజ్య సమితి వాళ్లు నడిపే చిన్న గ్రాంట్ల కార్యక్రమం 1992 నుంచి ఉంది. అలాంటి గ్రాంటు తెచ్చుకున్న దళితపేట సంఘం ఈ చుట్టుపక్కల ఒకటుంటే చెప్పండి, నేను నడిచి వెళ్లి దణ్ణం పెడతాను.

ఎందుకు రాదంటే కారణం తెలివితక్కువ కాదు. దారులు అలా వేసి ఉన్నాయి. దరఖాస్తు ఇంగ్లీషులో. మూడేళ్ల ఆడిట్ లెక్కలు కావాలి. రిజిస్ట్రేషన్ కావాలి. "మీ వాటా ఎంత" అని ఒక గడి ఉంటుంది. డబ్బు లేనివాళ్లు శ్రమ రూపంలో వాటా ఇవ్వొచ్చంటారు. దానికి శ్రమదానం అని పేరు. కామందుకి శ్రమదానం అంటే ఒకపూట పార పట్టుకుని ఫోటో దిగడం. మనకి శ్రమదానం అంటే ఆ రోజు పొయ్యి వెలగకపోవడం. మన తాతలు జీతం లేకుండా చేస్తే దాన్ని వెట్టి అన్నారు. మనం జీతం లేకుండా చేస్తే ప్రజల భాగస్వామ్యం అంటున్నారు. పేరు మారిందిగాని పార మారలేదు.

విదేశీ విరాళాల చట్టం సంగతి కూడా కొంచెం చెప్పాలి, కార్యకర్తలు శ్రద్ధగా వినండి. ఇదివరకు పట్నంలో ఉన్న పెద్ద సంస్థ బయటి దేశం డబ్బు తెచ్చి అందులో కొంత పల్లె సంఘానికి ఇచ్చేది. 2020 సెప్టెంబరులో ఆ చట్టాన్ని సవరించారు. ఒక సంస్థ తనకి వచ్చిన విదేశీ డబ్బుని ఇంకో సంస్థకి ఇవ్వకూడదన్నారు. మనం సొంతంగా ఆ చట్టం కింద రిజిస్ట్రేషన్ తెచ్చుకోవాలంటే సంఘం పెట్టి మూడేళ్లయి ఉండాలి, ఆ మూడేళ్లలో 15 లక్షలు ఖర్చుపెట్టి ఉండాలి. పదిహేను లక్షలు ఖర్చు పెట్టగలిగిన పేట సంఘానికి గ్రాంటెందుకండీ? ఈ సవరణ దెబ్బకి పేట సంఘం గ్రాంటు పుచ్చుకునే సంఘంగా ఉండటం పోయింది, మస్తరు రోల్లో పేర్లు మాత్రం మిగిలాయి. అయితే ఒక కిటుకు ఉంది. ఐక్యరాజ్య సమితి సంస్థల ద్వారా వచ్చే డబ్బుకి ఈ చట్టం అడ్డు రాదు. సర్కారు ద్వారా వచ్చేదానికీ రాదు. అందుకే ఎవరు కాయితం పట్టుకొచ్చినా మొదట అడగాల్సింది "ఎంత వస్తుంది" అని కాదు, "ఏ దారిన వస్తుంది" అని.

పదేళ్ల కిందట పక్క మండలంలో ఒక పథకం నడిచింది. ఏ సంస్థదో ఇప్పుడు అనవసరం. అక్కడ సమితికి అధ్యక్షుడు రొయ్యల చెరువుల యజమాని. మడ నరికి చెరువు తవ్వినవాడే మడ పెంచే సమితికి అధ్యక్షుడు! ఉపాధ్యక్షురాలు మన పేట ఆవిడ. కాయితం మీద చూస్తే అంతా సామాజిక న్యాయమే, ఆడవాళ్లున్నారు, దళితులున్నారు. ఆవిడ చేత చెక్కుబుక్కంతా ఒకేసారి సంతకాలు పెట్టించుకుని బీరువాలో పెట్టుకున్నారు. నేను గొడవపడి మస్తరు రోలు తీయించి చూశాను. మా అత్త పేరున 26 రోజుల కూలి రాసి ఉంది. ఆ నెలంతా ఆవిడ ఆసుపత్రి మంచం మీద ఉంది. అడిగితే "మీ అత్తగారికే గదా మాస్టారూ మేలు జరిగింది" అని నవ్వారు. ఆ డబ్బు ఆవిడ కంట పడలేదు.

మొక్కలేమయ్యాయంటే, మొదటి ఏడు ఫోటోలో బాగున్నాయి. అక్కడి ఆడవాళ్లు ముందే చెప్పారు, ఆ మేట మీదకి పోటు సరిగ్గా ఎక్కదు, అక్కడ పెడితే బతకవు, పాయకి దగ్గరగా పెట్టండని. వినలేదు, పటంలో అక్కడే గుర్తు పెట్టి ఉంది. రెండో ఎండాకాలానికి కర్రలు మిగిలాయి. ఇంతా చేసి ఎవరికీ నష్టం రాలేదు, ఎందుకంటే బిల్లు నాటిన మొక్కకి గాని బతికిన మొక్కకి కాదు. నష్టపోయింది ఆ మేట మీద పీతలు పట్టుకునేవాళ్లే, రెండేళ్లు దిగనివ్వలేదు.

మనలో మనం ఒక మాట చెప్పుకోవాలి, కోపం తెచ్చుకోకండి. ఆ మస్తరు రోలు రాసింది మన కుర్రాడే. చదువుకున్న కుర్రాడు, నెల జీతానికి పెట్టుకున్నారు. వాడికి ఉద్యోగం కావాలి, నిజమే. కాని చదువుకున్న మనవాళ్లు పథకంలోకి వెళ్లి మన తరఫున అక్కడ నిలబడకుండా, పథకం తరఫున మన దగ్గరికి వచ్చి నిలబడుతున్నారు. ఇంకోటి. మన పేటలో కూడా పచ్చి మడ కొట్టి బేరానికి అమ్మేవాళ్లు ఇద్దరు ముగ్గురున్నారు. ఎవరో అందరికీ తెలుసు. దాన్ని మనం ఆపకపోతే ఆ మొదటి పేజీలో వాక్యాన్ని కొట్టెయ్యమని అడిగే నోరు మనకుండదు.

పల్లెకారులు మనకి శత్రువులని కూడా ఎవరూ అనుకోవద్దు. సమితి వేసేటప్పుడు "మత్స్యకారుల ప్రతినిధి" అని ఒకర్ని పెడతారు. ఆయన పడవ గురించి మాట్లాడతాడు, మాట్లాడాలి కూడా. కాని చేత్తో పీత పట్టే మాల, మాదిగ ఆడవాళ్లు, యానాదులు ఆ లెక్కలోకి రారు. 2004 సునామీ తర్వాత తమిళనాడు నాగపట్నం తీరంలో జరిగింది ఇదే. పోయిన పడవకి, పోయిన వలకి లెక్క కట్టి సాయం ఇచ్చారు. పడవలూ వలలూ లేక కూలికి పోయేవాళ్లు, ఉప్పునీళ్లు ఎక్కిన పొలాల్లో పనిపోయిన దళితులు, బాధితులుగా కూడా లెక్కకి రాలేదు. సహాయ శిబిరాల్లో నీళ్ల దగ్గర కూడా వెలి చూపించారని అప్పట్లో నిజనిర్ధారణకి వెళ్లినవాళ్లు రాశారు. సముద్రం కులం చూడలేదుగాని రిలీఫ్ లారీ చూసింది. కారంచేడు కూడా మంచినీళ్ల చెరువు దగ్గరే గదా రాజుకుంది, 1985లో. నీళ్ల దగ్గరా, నీళ్లు తాకే నేల దగ్గరా మనకి ఎప్పుడూ ఇదే పేచీ.

కోరంగి అభయారణ్యంలో నీటిపిల్లులు ఎన్నున్నాయో కెమెరాలు పెట్టి లెక్క తీశారు. మంచిదే, ఆ పిల్లి కూడా బతకాలి. అది కూడా మనలాగే ఆ బురదలో వెతుక్కు తినే ప్రాణి. ఆ బురద మీద బతికే ఆడవాళ్లు ఎంతమంది అని ఈ తొమ్మిది పేజీల్లో వెతికాను. లేదు. అందుకని మనమే లెక్క తీద్దాం. మన పేటలో ఏ ఇంటి నుంచి ఎవరు దిగుతారు, ఏ మేటలో దిగుతారు, పాటుకి ఎన్ని పీతలు వస్తాయి, ఎంతకి అమ్ముతారు. మా స్కూల్లో తొమ్మిదో తరగతి పిల్లలకి నోటుబుక్కు ఇచ్చి ఇంటింటికీ పంపిస్తాను. యానాదుల గుడిసెలతో సహా. పెద్దలు అబద్ధం చెప్పకుండా చెప్పండి, తక్కువా వద్దు, ఎక్కువా వద్దు.

ఆ లెక్క ఎందుకంటే, 2006 అటవీ హక్కుల చట్టం ఉంది. అది కొండల్లో గిరిజనులకే అనుకుంటారు చాలామంది, అధికారులు కూడా. కాదు. అభయారణ్యానికి కూడా వర్తిస్తుంది. ఎస్టీలు కానివాళ్లు మూడు తరాలుగా, అంటే 75 ఏళ్లుగా, అడివిలో నివాసముండి దాని మీదే ఆధారపడ్డామని చూపిస్తే అడగొచ్చు. చేపలు, ఇతర నీటి ఉత్పత్తుల మీద హక్కు అని అందులో పేరుపెట్టి రాసి ఉంది. ఉమ్మడి అడివిని కాపాడుకునే హక్కు కూడా రాసి ఉంది. 75 ఏళ్లు చూపించడం మనకి కష్టమే, మన తాతల పేర్లు ఏ రికార్డులోనూ ఎక్కనివ్వలేదు గదా. అయినా ముసలివాళ్ల వాంగ్మూలం కూడా సాక్ష్యమేనని ఆ చట్టం కింద చేసిన నియమాలు చెప్తున్నాయి. పేటలో ఎనభై దాటినవాళ్లు నలుగురున్నారు. వాళ్ల మాటలు ఈ నెలలోనే రాయించాలి, ఆలస్యం చెయ్యొద్దు. యానాది అన్నలకి ఆ 75 ఏళ్ల నిబంధన లేదు, వాళ్ల దరఖాస్తు ముందు పెట్టిస్తే మనకీ బలం. ఇంకోటి కూడా గుర్తుపెట్టుకోండి. అటవీ హక్కుల్ని, నీటి హక్కుల్ని అనుభవించకుండా దళితులకి గిరిజనులకి అడ్డుపడటం 2016 జనవరి నుంచి అట్రాసిటీ చట్టం కింద నేరం.

ఇక రేపు ఆదివారం గ్రామసభలో మనం ఏం చెప్పాలి? కాయితం తెలుగులో ఇమ్మని చెప్పాలి. ఇచ్చి పదిహేను రోజులు గడువివ్వాలి. మేట మొత్తం ఒకేసారి మూయడానికి ఒప్పుకోవద్దు. మూడు ముక్కలు చేసి ఒక ముక్క మూయండి, తక్కిన రెండిట్లో మేం పట్టుకుంటాం అనాలి. ఏ ముక్క ముందు అన్నది ఆడవాళ్లు పాయ ఒడ్డున నిలబడి చూపించాలి, ఆఫీసులో పటం మీద కాదు. మూసిన ముక్కకి ఎంత రాబడి పోతుందో పిల్లల లెక్క చెప్తుంది, అంత పరిహారం బడ్జెట్లో రాయమనాలి. శ్రమదానం గడిలో సున్నా వెయ్యమనాలి. మనం ఇచ్చేది కూలి పని, దానికి కూలి ఆడవాళ్ల సొంత ఖాతాలో పడాలి. సమితిలో బురదలో దిగేవాళ్లు సగం ఉండాలి, చెక్కు మీద వాళ్లలో ఒకరి సంతకం ఉండాలి. సంతకం పెట్టే అక్క ఎవరైనాగానీ, ఖాళీ చెక్కు మీద పెడితే మాత్రం నేనే పేటలో పంచాయితీ పెడతాను. మూడో ఏడు తర్వాత మొక్కని చూసేదెవరు, ఏ డబ్బుతో అని కూడా అడగండి. మడ మూడేళ్లకి అడివి అవదు.

వాళ్లు కోప్పడితే, "మీకు ఇష్టం లేకపోతే పథకం పక్క ఊరికి పోతుంది" అంటే, భయపడొద్దు. ఎప్పుడూ అనేదే. అడిగే హక్కు మనకుంది. సమాచార హక్కు కింద తెలుగులోనే అర్జీ పెట్టొచ్చు, 30 రోజుల్లో చెప్పాలి, దారిద్ర్యరేఖ దిగువ వాళ్లకి రుసుం లేదు. ఆ పెద్ద నిధి డబ్బే అయితే, గ్రీన్ క్లైమేట్ ఫండ్‌కి దెబ్బతిన్న జనం నేరుగా ఫిర్యాదు చేసుకునే విభాగం ఒకటుంది. మన భాషలో రాసినా తీసుకుంటారు. రాయడం నా పని. కాని కింద పేర్లు మీవి కావాలి, మాస్టారి పేరు ఒక్కటే ఉంటే మాస్టార్ని బదిలీ చేసి ఊరుకుంటారు.

ఒక చిక్కుంది. ఆదివారం గ్రామసభ పొద్దున్న పదకొండు గంటలకి పెట్టారు. ఆ రోజు పాటు సరిగ్గా అప్పుడే. ఆడవాళ్లంతా మేటలో ఉంటారు. తెలిసి పెట్టారో తెలియక పెట్టారో దేవుడికెరుక. సాయంత్రం నాలుగింటికి మార్చమని నిన్న సర్పంచి గారికి అర్జీ ఇచ్చాం, జవాబు రాలేదు. రాకపోతే ఆ ఒక్క పాటు మానుకుని అందరూ సభకి రావాలి. ఒక పాటు పోతే మా ఇంట్లో గంజి ఎవరు పోస్తారని ఇందాక ఒక అక్క అడిగింది. న్యాయమైన ప్రశ్న. సంఘం పెట్టెలో పద్నాలుగు వందల చిల్లర ఉంది. ఆ రోజు పేటంతటికీ ఒకచోటే వండుదాం. బియ్యం ఇవ్వగలిగినవాళ్లు రేపు సాయంత్రంలోగా చర్చి దగ్గర ఇవ్వండి. కాయితం నా దగ్గరే ఉంది, ఎవరింటికి ఎవరొచ్చి అడిగినా మాస్టారి దగ్గరుందని చెప్పండి. ఈలోగా ఎవరూ వేలిముద్ర వెయ్యొద్దు.

జై భీమ్.